నా స్థలం నా ఇష్టం అంటే, మరి ఆ పొగ?

పొగ మీద ఏ రూల్ వచ్చినా మన స్వేచ్ఛ లాగేసుకుంటున్నారని గోల మొదలవుతుంది. మామూలుగా అయితే నేను ఆ గోల చేసేవాళ్ల పక్షమే. ఏం తినాలో, ఏం కట్టుకోవాలో, రాత్రి ఎన్నింటికి ఇల్లు చేరాలో ఇంకొకరు చెప్తే నాకు ఒళ్లు మండుతుంది. కానీ పొగ విషయంలో మాత్రం రూల్ ఉండాలి, అది గట్టిగా అమలు కావాలి అంటాను.

మా ఇల్లు హైదరాబాద్‌లో బాలానగర్ వైపు. వెనక వీధిలో ఖాళీ ప్లాటు ఉన్నాయన ఎండుటాకులు, ప్లాస్టిక్ కవర్లు, పాత పరుపుల్లో దూది, ఏది దొరికితే అది కుప్పపోసి అంటిస్తారు. అడిగితే "నా స్థలం, నా ఇష్టం, ఇబ్బందైతే కిటికీలు మూసుకోండి" అన్నారు. మా నాన్నకి ఆయాసం ఉంది, ఇన్‌హేలర్ జేబులో లేకుండా గడప దాటరు. ఆ మంట పెట్టిన పూట ఆయన వాకింగ్ ఉండదు, కిందికి దిగి నలుగురితో మాట్లాడటం ఉండదు, తలుపులన్నీ వేసుకుని గదిలో కూర్చోవాలి. మరి మా నాన్న ఇష్టం సంగతేంటి? ప్లాటాయన ఆ చెత్తని బండికి ఇచ్చేయొచ్చు, గుంత తీసి ఆకుల్ని ఎరువు చేసుకోవచ్చు, ఏమీ చేయకుండా వదిలేసినా పర్లేదు. నాన్నకి అలాంటి దారి ఒక్కటీ లేదు, ఊపిరి తీసుకోవడం ఓ పూట మానేస్తానంటే కుదరదు కదా. అందుకే దీన్ని ఇద్దరి సమానమైన స్వేచ్ఛల మధ్య గొడవగా చూడమంటే నేను ఒప్పుకోను.

హెల్మెట్ సంగతి చూడండి. హెల్మెట్ లేకపోతే పగిలేది నా తల, అయినా హైదరాబాద్‌లో ఏ సిగ్నల్ దగ్గరైనా ఫొటో తీసి చలాన్ పంపిస్తారు, మనం తిట్టుకుంటూనైనా కడతాం (మంచిదే, తలలు దక్కుతున్నాయి). అదే సిగ్నల్ దగ్గర నల్లటి పొగ కక్కుతూ టిప్పర్ వెళ్తుంది, ఆ పొగంతా ఎండలో నిలబడ్డ ట్రాఫిక్ కానిస్టేబుల్ ఊపిరితిత్తుల్లోకి, వెనక బైక్ మీద స్కూలుకి వెళ్తున్న పిల్లల్లోకి పోతుంది, ఆ బండిని ఆపి అడిగినవాళ్లని మాత్రం నేనెప్పుడూ చూడలేదు. చట్టం లేక కాదు. 2019 సవరణ తర్వాత పొల్యూషన్ సర్టిఫికెట్ లేకుండా బండి నడిపితే జరిమానా 10,000 రూపాయల దాకా వేయొచ్చు. ఆ సర్టిఫికెట్ కూడా సైలెన్సర్‌లో గొట్టం సరిగ్గా పెట్టకుండానే చేతికొచ్చేస్తుంటే ఇక దానికి విలువేముంది? నన్ను నా నుంచే కాపాడే రూల్‌ని గట్టిగా అమలు చేసి, పక్కవాళ్లని నా నుంచి కాపాడే రూల్‌ని గాలికొదిలేశాం. నాకైతే ఇది తలకిందుల వ్యవహారంలా కనిపిస్తుంది.

"ఢిల్లీతో పోలిస్తే మనం స్వర్గంలో ఉన్నాం" అని ఒక మాట ఎప్పుడూ వినిపిస్తుంది. నిజమే, ఢిల్లీ అంత ఘోరం కాదు. కానీ పీఎం 2.5 అనే సన్నటి ధూళి రోజు సగటు 60 మైక్రోగ్రాముల దాకా ఉన్నా మన దేశపు గాలి నాణ్యత సూచీ దాన్ని 'సంతృప్తికరం' అంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 15. అంటే నాలుగు రెట్లు పీల్చినా మన లెక్కలో సంతృప్తే. పైగా చలికాలం తెల్లవారుజామున నేల దగ్గర చల్లగాలి, పైన వెచ్చటి గాలి ఉండి, అది మూతలా కప్పేయడంతో పొగ పైకి పోదు. సరిగ్గా ఆ వేళకే మనవాళ్లు వాకింగ్‌కి బయల్దేరతారు. మహా అయితే దగ్గొస్తుంది అనుకుంటే పొరపాటు, ఆ ధూళి ఊపిరితిత్తులు దాటి రక్తంలోకి చేరుతుంది, గుండెపోటుకీ పక్షవాతానికీ కారణమవుతుంది. బయటి గాలి కాలుష్యాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2013లోనే క్యాన్సర్ కారకాల్లో చేర్చింది.

ఇంతకుముందు ఇలాంటి హద్దులు పెట్టుకోలేదా? పెట్టుకున్నాం. 2001లో సుప్రీంకోర్టు బస్సుల్లో, రైళ్లలో, ఆసుపత్రుల్లో సిగరెట్ తాగడాన్ని ఆపేసింది. ఇప్పుడు ఆర్టీసీ బస్సులో ఎవరైనా బీడీ వెలిగిస్తే "దిగి కాల్చుకో" అని బస్సంతా అరుస్తుంది. 2018లో అదే సుప్రీంకోర్టు దీపావళి టపాసులకి రాత్రి 8 నుంచి 10 దాకా, అదీ తక్కువ పొగ వచ్చే గ్రీన్ క్రాకర్స్‌కే అనుమతి ఇచ్చింది. పండగ వద్దనలేదు, ఒక హద్దు గీసింది, అంతే. స్వచ్ఛమైన గాలి ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమని 1991లోనే చెప్పింది కూడా.

అయితే రూల్ ఎవరి మీద ముందు పడుతుందన్న దగ్గర నాకు గట్టి అభ్యంతరం ఉంది. బహిరంగంగా చెత్త తగలబెడితే 5,000 రూపాయలు జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లో చెప్పింది. ఆ 5,000 డిసెంబర్ చలికి నాలుగు కట్టెలు రాజేసుకున్న వాచ్‌మన్ దగ్గర వసూలు చేసి, కుప్పలు తగలబెట్టే ప్లాటు యజమానిని వదిలేస్తే అది అన్యాయం. పాత బైక్ మీద కూరగాయలు అమ్ముకునేవాడి బండి లాక్కుంటే, వాడి ఇంట్లో పొయ్యి ఏం కావాలి? మా వైపు లోపలి కాలనీల నుంచి మెట్రో స్టేషన్‌కి వెళ్లాలంటే సరైన బస్సు ఉండదు, బస్సు వేయకుండా "కార్లు తీయకండి" అంటే నేనూ వినను.

అందుకని మొదట పట్టా కప్పకుండా మట్టీ ఇసుకా దారంతా చల్లుకుంటూ పోయే లారీల్ని ఆపండి, కోకాపేట, నార్సింగి వైపు లేస్తున్న టవర్ల చుట్టూ నీళ్లు కొట్టించండి, గ్రీన్ నెట్ కట్టించండి. ఆ పని చేయించి చూపిస్తే, నా కారు వారంలో ఒకరోజు ఇంట్లోనే పెట్టమన్నా పెడతాను.