నాలుగు నీవి

మన బాపట్ల వ్యవసాయ కళాశాల బ్యాచ్ కలయిక సంచిక కమిటీవారు ముచ్చటగా మూడోసారి ఫోన్ చేసి, "బాపట్ల గురించి ఏదైనా రాయి, కెరటం సంగతి తప్ప" అని షరతు పెట్టారు కనుక, సూర్యలంక సముద్రతీరానికి తొక్కిన సైకిళ్ళనూ లుంగీల సమ్మెనూ మన డబుల్ కాట్ ప్రేమాయణాన్నీ పక్కనపెట్టి, చివరి సెమిస్టరులోని ఒక్క వరికంకి గురించి రాస్తున్నాను. 1988లో చేరి 1992లో బయటపడ్డ నాకు మొదటి మూడేళ్ళలో ఏం చదివానో నిజంగానే గుర్తులేదు.

ఆ ఫిబ్రవరిలో హాస్టలంతా ఆటోగ్రాఫ్ పుస్తకాలతో, ఉద్యోగ దరఖాస్తులతో హడావిడిగా ఉంటే, కొత్త వంగడాల తయారీ నేర్పే బ్రీడింగ్ మాస్టారు మాత్రం మనం నిన్నగాక మొన్న చేరినట్టు మనిషికో కుండీ అప్పగించి సంకరం చేయమన్నారు. నా కుండీలో ఉన్నది మన బాపట్ల బిడ్డే, 1986లో విడుదలైన వరి రకం బీపీటీ 5204, అదే సాంబ మసూరి. పుప్పొడి ఇవ్వవలసినది ఆకుతొడుగు ఊదారంగులో ఉండే మొక్క; సంకరం కుదిరితే పిల్ల మొక్కకూ ఆ రంగే వస్తుంది. సాయంత్రం కుండీ ముందు కూర్చుని, ఒక్కో పువ్వు కొసను కత్తెరతో మూడోవంతు కత్తిరించి, లోపలి ఆరు పుప్పొడి తిత్తులనూ ఫోర్సెప్స్‌తో తీసి, కంకికి బటర్ పేపర్ సంచి తొడిగి, మర్నాడు పది దాటి ఊదా మొక్క పూలు విచ్చుకున్నాక ఆ పుప్పొడిని దీనిమీద దులపాలి. ఒక్క తిత్తి మిగిలినా పువ్వు మన సాయం లేకుండానే గింజ కట్టేసుకుంటుంది. అందుకే మాస్టారు వెనక నిలబడి "ఐదా, ఆరా?" అనేవారు. ఆ రెండు మాటలు మెస్సులో ఇడ్లీలకూ, తప్పిన పేపర్లకూ ఎలా అంటుకున్నాయో మీకు చెప్పనక్కరలేదు.

నలభై పువ్వులు చేస్తే నెల తిరిగేసరికి ఏడు గింజలు దక్కాయి. కత్తిరించిన ఊక చాలక తల బయటపెట్టిన ఆ గింజలను అరచేతిలో పోసుకుని, గర్వంగానే, మాస్టారి గదికి వెళ్ళాను.

"వీటిలో నీవెన్ని, దానివెన్ని?"

"విత్తితేగాని తెలియదు సార్."

"విత్తేనాటికి నువ్వుండవుగా" అంటూ వాటిని కవరులో వేసి, నా రోల్ నంబరు రాసి సొరుగులో పెట్టుకున్నారు. పరీక్షలు, ఫొటో, స్టేషనులో మన పొట్టి గోదావరి ఏడుపు, అన్నీ ఆ తర్వాత వారాల్లోనే అయిపోయాయి.

బ్యాంకులో వ్యవసాయాధికారిగా చేరి ముప్ఫై ఏళ్ళు దాటింది. నేను మంజూరు చేసిన పంటరుణాల్లో మొండిబకాయిలను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు (ఐదా, ఆరా అని అడగకండి). మా అమ్మాయి బ్రీడింగులోనే పీహెచ్‌డీ చేస్తోంది. వాళ్ళకు లెక్కపెట్టే బాధ లేదు, వాక్యూమ్ గొట్టం ఆరింటినీ ఒక్కసారే పీల్చేస్తుందట.

నేను కాలేజీ వదిలిన ఏడాది ఆగస్టులో మాస్టారి నుంచి మా ఊరి చిరునామాకు వచ్చిన పోస్టుకార్డును మొన్న తనకు చూపించాను. "నాలుగు మొక్కలకు ఊదా తొడుగు వచ్చింది. నాలుగు నీవి, మూడు దానివి. ఫర్వాలేదు." నలభైకి నాలుగేనా అని అది నవ్వింది. మాస్టారి నుంచి "ఫర్వాలేదు" అన్న మాట మన బ్యాచ్‌లో ఇంకెవరికైనా దక్కిందేమో, ఉంటే కలయిక రోజున చేయెత్తండి.