కట్టు వేసే ముందు పుండు తడి చూడండి

గాయానికి గాలి తగలాలి, పక్కు కడితేనే మానుతుంది అన్న మాట ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. 1962లోనే జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల మీద ప్రయోగం చేసి, పల్చటి పాలిథిన్ పొరతో మూసిన గాయాలు గాలికి వదిలేసిన వాటికంటే దాదాపు రెండింతల వేగంగా కొత్త చర్మం కప్పుకున్నాయని చూపించాడు. కొత్త చర్మకణాలు అంచుల నుంచి పాకుతూ వస్తాయి. తడి ఉంటే పైపైనే జరిగిపోతాయి. పక్కు కడితే మాత్రం దాని కిందికి దూరి, తడి ఉన్న చోటు వెతుక్కుంటూ పోవాలి.

అలాగని ఎంత తడి ఉంటే అంత మంచిదని కాదు. రసి, అంటే పుండు నుంచి ఊరే నీరు, ఎక్కువైతే చుట్టూ ఉన్న చర్మం నాని, తెల్లబడి, ముడతలు పడి ఊడిపోతుంది. పుండు పెద్దదవుతుంది. అందుకే డ్రెస్సింగ్ ఎంపికలో మొదటి ప్రశ్న ఒక్కటే: రసి ఎంత వస్తోంది?

దానికంటే ముందు కడగాలి. 0.9 శాతం సెలైన్ (ఉప్పు నీరు) సరిపోతుంది, తాగదగ్గ శుభ్రమైన కుళాయి నీరైనా పర్వాలేదు. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్ పుండు లోపల పోస్తే క్రిములతోపాటు కొత్తగా పుట్టే కణాలూ చస్తాయి. పొడి మందులు చల్లడం మరీ అనవసరం. రసితో కలిసి గట్టిపడి, కింద ఏం జరుగుతోందో కనపడనివ్వవు.

తెగిన గాయం నుంచి రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో పది పదిహేను నిమిషాలు గట్టిగా అదిమి పట్టాలి. మధ్యలో ఎత్తి చూశారా, గడ్డకట్టింది కాస్తా ఊడి వస్తుంది. అంచులు విచ్చుకుని ఉంటే కుట్లు కావాలి, ఆలస్యం చేయొద్దు. జంతువు కరిచిన గాయాన్ని సబ్బు నీటితో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, అక్కడ డ్రెస్సింగ్ సంగతి తర్వాతి మాట.

గీరుకుపోయిన చర్మానికి నేరుగా పొడి గాజుగుడ్డ పెట్టడం అన్నిటికంటే మామూలుగా జరిగే తప్పు. దారాల మధ్యకి కొత్త కండ పెరుగుతుంది, మర్నాడు లాగితే అదంతా ఊడొస్తుంది. ముందు పారాఫిన్ పట్టించిన గాజుగుడ్డగానీ సిలికాన్ వలగానీ వేసి, దాని మీద పొడి గాజుగుడ్డ పెట్టాలి. ఇప్పటికే అతుక్కుపోయి ఉంటే సెలైన్‌తో పది నిమిషాలు నానబెట్టాకే తీయాలి.

రసి కొంచెమే ఉన్న లోతులేని పుండుకు హైడ్రోకొల్లాయిడ్, అంటే రసి తగిలితే జిగురు జెల్‌గా మారే అంటుకునే పట్టీ, బాగా పనిచేస్తుంది. పెట్టే ముందు అరచేతుల మధ్య కాసేపు వెచ్చబెడితే చక్కగా అంటుకుంటుంది. పుండు అంచు దాటి అన్ని వైపులా రెండు మూడు సెంటీమీటర్లు ఉండాలి. మూడు నుంచి ఏడు రోజులు ఉంచవచ్చు. తీసినప్పుడు పసుపు పచ్చగా, వాసనతో జిగురు కనిపిస్తుంది. చాలామంది చీము అనుకుని హడలిపోతారు, అది కరిగిన డ్రెస్సింగే. ముందు కడిగి, ఆ తర్వాత పుండును చూసి నిర్ణయించండి. ఇన్ఫెక్షన్ ఉన్న పుండును మాత్రం దీనితో మూయకూడదు.

రసి ఓ మాదిరిగానో ఎక్కువగానో ఉంటే ఫోమ్, అంటే రసిని పీల్చుకునే మెత్తటి స్పాంజి లాంటి డ్రెస్సింగ్. మరక అంచుకు చేరువైతే వారం ఆగకుండా మార్చేయాలి. ఇంకా ఎక్కువ కారుతుంటే ఆల్జినేట్. గోధుమరంగు సముద్రపు నాచు నుంచి తీసే ఈ పీచు రసిని పీల్చుకుని జెల్‌గా మారుతుంది, చిన్నపాటి రక్తస్రావాన్నీ ఆపుతుంది. పొడి పుండులో పెడితే ఎండి అతుక్కుని నొప్పి పెడుతుంది. గుంట ఉన్న పుండులో దీన్ని వదులుగా నింపాలి. బిగించి కూరితే రసి లోపలే నిలిచిపోతుంది. ఎన్ని ముక్కలు లోపల పెట్టారో రాసుకోండి. ఒక ముక్క మరిచిపోతే నెలల తరబడి మానని పుండు మిగులుతుంది.

ఎండిపోయి పసుపు పచ్చని చచ్చిన కండ పట్టిన పుండుకు నీరు ఎక్కువగా ఉండే హైడ్రోజెల్ తేమనిస్తుంది. ఒక మినహాయింపు ఉంది, దీన్ని గుర్తుపెట్టుకోవాలి: రక్తప్రసరణ తగ్గిన కాలి మడమ మీద గట్టిగా, పొడిగా, నల్లగా ఉన్న పొరను మెత్తబరచకండి. అదే అక్కడ రక్షణ కవచం. దాన్ని పొడిగా ఉంచి, మడమ కింద ఒత్తిడి లేకుండా ఎత్తి పెట్టి, డాక్టర్‌కు చూపించాలి.

కాలితే ఇరవై నిమిషాలు పారే చల్లటి నీటి కింద పెట్టడమే మొదటి చికిత్స, ఐసు వద్దు. తర్వాత అంటుకోని డ్రెస్సింగ్ చాలు. వయసు మళ్లినవారి పల్చటి చర్మం చీలితే, ఊడిన పొరను కత్తిరించకుండా తడిపి మెల్లగా యథాస్థానంలో పరిచి సిలికాన్ డ్రెస్సింగ్ వేయండి. ఏ వైపు నుంచి తీయాలో పైన పెన్నుతో బాణం గుర్తు పెడితే, తర్వాత తీసేవాళ్లు ఆ పొరను మళ్లీ లేపకుండా ఉంటారు.

వెండి కలిపిన డ్రెస్సింగులకు ఈ మధ్య మోజు పెరిగింది. ఎరుపు పాకడం, వేడి, చీము, పెరిగే నొప్పి లాంటి ఇన్ఫెక్షన్ లక్షణాలు ఉంటేనే వాటి పని. రెండు వారాల తర్వాత మళ్లీ చూసి, అవసరం లేకపోతే ఆపేయాలి. జ్వరం వచ్చినా, ఎరుపు గంట గంటకూ విస్తరిస్తున్నా డ్రెస్సింగ్ మార్చుతూ ఇంట్లో కూర్చోవద్దు.

కాలి సిరల వల్ల వచ్చిన పుండుకు ఎంత ఖరీదైన ఫోమ్ వేసినా, కాలికి ఒత్తిడి కట్టు లేకపోతే మానదు. అయితే ధమనుల్లో రక్తప్రసరణ బాగుందో లేదో పరీక్షించకుండా ఆ కట్టు బిగించడం ప్రమాదం. మంచాన పడి ఉన్నవారిని తరచూ పక్కకు తిప్పడం, మధుమేహ పాదం పుండు మీద బరువు పడకుండా చూడడం కూడా ఒత్తిడి కట్టు లాంటివే, అవి లేకుండా డ్రెస్సింగ్ ఒక్కటే చాలదు. వారానికోసారి పొడవు, వెడల్పు కొలిచి తేదీతో రాయండి. మధుమేహ పాదం మీది పుండు నాలుగు వారాల్లో సగమైనా కుంచించుకోకపోతే, కొత్త డ్రెస్సింగ్ కొనే ముందు రక్తప్రసరణ, లోపలి ఎముక, చెప్పు ఒరుసుకునే చోటు మళ్లీ పరీక్ష చేయించాలి.