జిమ్ పిల్లల గురించి ఎవరూ రాయలేదు

ఈ రోజు తెల్లవారుజామున ఐదింటికే లేచి, నాలుగు రోజులుగా బల్ల మీద ఉండిపోయిన అసైన్‌మెంట్లు దిద్దడం ముగించాను. ఎం.ఏ. విద్యార్థులకు బాల్యం గురించి నేను చెప్పే పేపరులో ఈ ఏడాది అమెరికన్ రచయిత మార్క్ ట్వేన్ నవల ‘హకల్‌బెరీ ఫిన్’ను చదివిస్తున్నాను. అందులో కనిపించే పిల్లలెవరు, వారిలో ఒక్కొక్కరి బాల్యం ఎవరి చేతిలో ఉంది అన్నది ప్రశ్న. పదిహేడు మంది రాసి ఇచ్చారు. కథ చెప్పే హక్ గురించి అందరూ రాశారు, అతని స్నేహితుడు టామ్ సాయర్ గురించి చాలామంది రాశారు, రెండు కుటుంబాల పగలో ప్రాణం పోగొట్టుకున్న బక్ అనే కుర్రవాణ్ణి కూడా నలుగురు గుర్తుపెట్టుకున్నారు. బానిసత్వం నుంచి పారిపోయి హక్‌తో పాటు తెప్ప మీద ప్రయాణించే జిమ్‌కు ఇద్దరు పిల్లలున్నారన్న సంగతి మాత్రం ఒక్కరూ రాయలేదు.

వాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు. నండూరి రామమోహనరావు గారి తెలుగులో ట్వేన్‌ను చిన్నప్పుడు చదువుకున్న నాకు కూడా ఆ నది, ఆ తెప్ప, రాత్రి పూట నీళ్ల మీద ఆ ఇద్దరి మాటలు మాత్రమే మిగిలాయి. ఆ పిల్లలు నాకు కనబడింది పాఠం చెప్పడం కోసం మళ్లీ చదివినప్పుడే.

చాలా ఏళ్ల పాటు నేను ఈ పేపరును ఫ్రెంచ్ చరిత్రకారుడు ఫిలిప్ ఆరియెస్‌తో మొదలుపెట్టేవాణ్ణి. బాల్యం అనే భావనకు కూడా ఒక చరిత్ర ఉందని 1960లో ఆయన చేసిన వాదన, దాని మీద తరువాతి చరిత్రకారులు లేవనెత్తిన అభ్యంతరాలు అన్నీ విద్యార్థులు శ్రద్ధగా రాసుకునేవారు, పరీక్షలో అంతే శ్రద్ధగా అప్పగించేవారు. మీ బాల్యం గురించి రాయండి అంటే మాత్రం అమ్మమ్మగారి ఊరు, వేసవి సెలవులు, మామిడితోట వచ్చేవి. చదివిన సిద్ధాంతానికీ రాసిన జ్ఞాపకానికీ ఎక్కడా సంబంధం ఉండేది కాదు. పిల్లల నవల ఆ రెండింటినీ ఒకచోటికి తెస్తుందని ఇప్పుడు నా నమ్మకం, ఎందుకంటే నవలలో పిల్లవాడు ఆకలితో ఉంటాడు, అబద్ధమాడతాడు, పెద్దవాళ్ల మొహాలు చూసి ఏ క్షణాన ఏమి జరగబోతుందో అంచనా వేసుకుంటాడు, అతనితో పాటు మనమూ భయపడతాం. అయితే 1884లో వెలువడిన ఈ నవలలో పదమూడు పద్నాలుగేళ్ల పిల్లవాడి గొంతుగా మనం వింటున్నది దాదాపు యాభై ఏళ్ల మనిషి రాసిన మాటలేనన్న సంగతిని కూడా ప్రతి తరగతిలో గుర్తుచేస్తూనే ఉంటాను.

మధ్యాహ్నం తరగతిలో ముందుగా కోర్టు ఘట్టం తీసుకున్నాను. తాగి కొట్టే తండ్రి నుంచి హక్‌ను విడిపించి తమలో ఒకరి సంరక్షణలో ఉంచమని ఊరి పెద్దలిద్దరు కోర్టుకు వెళతారు. కొత్తగా వచ్చిన జడ్జి కుటుంబాలను విడదీయడం కోర్టుల పని కాదంటాడు. కొన్నాళ్లకే తండ్రి హక్‌ను అడవిలోని గుడిసెలో పెట్టి తాళం వేస్తాడు. జడ్జిది తప్పని తరగతి అంతా ఒక్కమాటగా అన్నది. అప్పుడు మన 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని మూలసూత్రాలు చదివి వినిపించాను: బిడ్డ సంరక్షణ బాధ్యత ముందుగా కుటుంబానిదేనని, సంస్థలో చేర్చడం చిట్టచివరి మార్గం కావాలని అందులోనూ ఉంది. అంతవరకూ తేలికగా తీర్పు చెప్పినవాళ్లు ఆలోచనలో పడ్డారు.

ఆ తరువాత జిమ్ దగ్గరికి వచ్చాం. ఆంగ్ల మూలంలోని రెండు చోట్లను నేనే తెలుగులో చెప్పాను. మొదటిదానిలో, స్వేచ్ఛ దొరికాక డబ్బు కూడబెట్టి ముందు భార్యను, ఆపైన ఇద్దరూ పనిచేసి పిల్లలను కొనుక్కుంటామని, యజమాని అమ్మకపోతే దొంగిలించైనా తెచ్చుకుంటామని జిమ్ అంటాడు. తన బిడ్డలనే దొంగిలిస్తానంటున్నాడే అని హక్ నివ్వెరపోతాడు, ఎందుకంటే అతని లెక్కలో ఆ పిల్లలు వేరొకరి సొత్తు. రెండవ చోట, నాలుగేళ్ల కూతురు తలుపు వేయమంటే నవ్వుతూ నిలబడిందని చెంపదెబ్బ కొట్టిన జిమ్, ఆమె వెనుక తలుపు గాలికి దడాలున మూసుకున్నా ఆమె ఉలిక్కిపడకపోవడం చూసి, జ్వరం తరువాత బిడ్డకు చెవులు వినబడకుండా పోయాయని తెలుసుకుంటాడు. తరువాత తెప్ప మీద ప్రయాణంలో ఆ సంగతి తలచుకొని కుమిలిపోతాడు. ఇది చెబుతున్నప్పుడు నా గొంతు నిలవలేదు. ప్రతి ఏడాదీ ఇక్కడ ఇలాగే అవుతుంది.

కాసేపటికి, నంద్యాల వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థిని చెయ్యెత్తింది. “మేము పత్తి సీడు చేలల్లోకి క్రాసింగుకు పోతాంటిమి సార్. సాయంత్రం మొగ్గలు గిల్లి, మళ్లీ పొద్దున్నే పువ్వుకు పువ్వు రుద్దేవాళ్లం. ఆరు, ఏడు తరగతుల్లో. బాల కార్మికులు అని పుస్తకంలో చదివినప్పుడు అది మా గురించేనని నాకు తట్టలే” అన్నది. సంకర పత్తి విత్తనం కోసం ఒక పువ్వు పుప్పొడిని మరో పువ్వుకు చేత్తో అంటించే కూలిపని అది. ఆమె అసైన్‌మెంటు నాకు బాగా గుర్తుంది. హక్ మీద చక్కగా రాసింది, ఉపోద్ఘాతంలో తన బాల్యం గురించి రాసిన రెండు వాక్యాల్లో మాత్రం తాతగారు చెప్పిన కథలే ఉన్నాయి. ఆ కథలూ నిజమే అయి ఉంటాయి. జిమ్ పిల్లలు అందరి కళ్ల నుంచి ఎలా జారిపోయారో, ఆ పొద్దుటి పూట చేలు కూడా ఆమె రాతలోంచి అలాగే జారిపోయాయని నాకు అనిపించింది.

తరగతి అయ్యాక ఆమె నా గదికి వచ్చి, అసైన్‌మెంటు మళ్లీ రాసి ఇవ్వవచ్చా అని అడిగింది. తప్పకుండా రాయమన్నాను. “ఆ రోజుల్లో మేము నవ్వుకుంటూ, పాటలు పాడుకుంటూనే పోయినాం సార్, అది కూడా రాయొచ్చా?” అని అడిగింది. ముందు అదే రాయమ్మా, కూలి ఎవరి చేతికి వచ్చేదో ఆ తరువాత రాయి, అన్నాను. మిగిలిన పదహారు పత్రాలను కూడా మార్కులు వేయకుండా రేపు తిరిగి ఇచ్చేయబోతున్నాను.