మా పెరటి పీచ్: పూత, పిందె, కాపు

అట్లాంటా ఉత్తర శివారులో మా ఇల్లు. పెరట్లో ఇప్పుడు మూడు పీచ్ చెట్లున్నాయి: రెడ్‌హేవెన్, కంటెండర్, ఎల్బర్టా. మూడూ 2021 జనవరిలో నాటినవే. వాటికంటే ముందు 2019లో పెట్టిన ఫ్లోరిడాప్రిన్స్‌ను మాత్రం తీసేయవలసి వచ్చింది. రకాన్ని ఎలా ఎంచుకోవాలో నాకు నేర్పింది ఆ చెట్టే.

పీచ్‌కు చలికాలంలో నిద్ర కావాలి. సుమారు 7 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన గడిచిన గంటలను లెక్కగట్టి, ఏ రకానికి ఎన్ని గంటల చలి అవసరమో చెబుతారు. ఫ్లోరిడాప్రిన్స్‌కు దాదాపు 150 గంటలు చాలు. అది ఫ్లోరిడా వెచ్చదనానికి పుట్టిన రకం. మా దగ్గర సంక్రాంతి దాటకముందే దాని నిద్ర తీరిపోయేది. ఫిబ్రవరిలో నాలుగు రోజులు ఎండ కాస్తే చాలు, కొమ్మ కనబడకుండా పూసేది. వారం తిరక్కుండా మంచు పడేది. పువ్వును గోటితో చీల్చి చూస్తే, లేత పచ్చగా ఉండవలసిన మధ్యభాగం నల్లగా మాడి ఉండేది. వరసగా మూడేళ్లు ఇదే.

నిండు పూత మీదున్న చెట్టు సుమారు మైనస్ 2.8 డిగ్రీలకు పదో వంతు పూలు పోగొట్టుకుంటుంది. మైనస్ 4.4కు వెళితే పదింటిలో తొమ్మిది పోతాయి. ఆ రెండు అంకెల మధ్యే కాపంతా ఉంది. అందుకే ఇప్పుడు రకం చూసేటప్పుడు పండు రంగు కంటే ముందు పూత తేదీ చూస్తాను. కంటెండర్ ఉత్తర కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయంలో తయారైన రకం. సుమారు 1050 గంటల చలి అడుగుతుంది, ఆలస్యంగా పూస్తుంది. 2023లో వెచ్చటి శీతాకాలం, ఆపైన మార్చి మంచు కలిసి మా జార్జియా రాష్ట్రపు పీచ్ పంటలో 90 శాతానికి పైగా తుడిచిపెట్టాయి. ఆ ఏడు మా ఇంట్లో నిలిచిన కాస్త కాపూ కంటెండర్‌దే.

నాటడం గురించి ఒక్క మాట. మాది జిగట ఎర్రమట్టి, నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. గుంత లోతుగా తవ్వకుండా, జానెడు ఎత్తు దిబ్బ పోసి దాని మీద నాటాను. అంటు కట్టిన చోటు మట్టిలో కూరుకుపోకూడదు.

ఈ ఏడాది పనులు: కత్తిరింపులు ఫిబ్రవరి చివర్లో, మొగ్గలు ఉబ్బుతున్నప్పుడు. డిసెంబరులోనే కత్తిరిస్తే చెట్టు చలికి దెబ్బతింటుంది. పీచ్ కాసేది కిందటేడు ఎదిగిన రెమ్మ మీదే కాబట్టి, వచ్చే ఏడాదికి కొత్త రెమ్మలు రావాలని సగం దాకా తీసేశాను. నడుమ ఖాళీగా, గిన్నెలా ఉంచాను.

ఏప్రిల్ మూడో వారం, పిందెలు గోలీలంత. కంటెండర్ మీద 380 తుంచి 110 ఉంచాను. జానెడుకు ఒకటి. ఊరి నుంచి వచ్చిన అమ్మ పక్కన నిలబడి, "చేతులారా పిందెలు తుంచుతావేమిటే?" అని బాధపడింది. గాలివానకు మామిడి పిందె రాలితే దిగులుపడే ఇల్లు మాది. నాకూ చెయ్యి ఆడలేదు. కానీ కిందటేడు జాలిపడి వదిలేస్తే నిమ్మకాయంత పండ్లు వచ్చాయి, ఒక కొమ్మ బరువుకు చీలింది.

ఆ పిందెల్లోనే ముక్కుపురుగు గాట్లు కనిపించాయి. తొక్క మీద చంద్రవంకలాంటి చిన్న గీత, పక్కన చుక్క బంక. ముందు వాటినే తుంచాను. రాలిన ప్రతి పిందెనూ ఏరి సంచిలో కట్టి పారేస్తున్నాను. నేల మీద వదిలితే లోపలి పురుగు మట్టిలోకి దిగుతుంది. మిగిలిన వాటికి పల్చటి బట్ట సంచులు కట్టాను.

జూన్ నెలాఖరుకు రెడ్‌హేవెన్ చేతికొచ్చింది. ఎరుపు చూసి కోయకూడదు. తొడిమ దగ్గర పచ్చదనం పోయి పసుపు తిరగాలి, కాస్త మెలితిప్పగానే రావాలి. కంటెండర్ జులై మధ్యలో. గాడి వెంట కత్తి తిప్పి రెండు చేతులతో మెలిపెడితే, ఒక చెక్క టెంకను విడిచి శుభ్రంగా ఊడివచ్చింది. రసం మోచేతి దాకా కారింది. ఎల్బర్టా ఇంకా దోరగానే ఉంది. అమ్మ అందులో నాలుగు కోసి, ఆవపిండి, కారం కలిపి పచ్చడి పెట్టింది. మిగతావి నెలాఖరు దాకా చెట్టు మీదే ఉంచుతున్నాను.