తెల్లవారుజాము వెంట వెళ్లే రేడియో

మే మొదటి శనివారం 'రెవెయ్' వింటూ గడిపాను. లండన్‌లోని సౌండ్‌క్యాంప్ అనే కళాకారుల బృందం 2014 నుంచి ఏటా చేస్తున్న, తెల్లవారే వేళ పక్షుల కూతలు, చుట్టుపక్కల చప్పుళ్లు వినిపించే ప్రసారం ఇది. అక్కడ ఉదయం 5 గంటలకు, అంటే మనకు తొమ్మిదిన్నరకు, రోథర్‌హైత్ అనే పేట దగ్గర మొదలవుతుంది. సూర్యోదయం పడమరకు జరిగేకొద్దీ ప్రసారం కూడా ఒక మైకు నుంచి ఇంకో మైకుకి వెళ్తుంది. అలా భూమి చుట్టూ 24 గంటలు, పైన మరో గంట.

ఎవరో తమ కిటికీలో చిన్న మైకు, 'రాస్ప్‌బెర్రీ పై' అనే ఒక బుల్లి కంప్యూటర్ పెట్టి నెట్‌కి కలుపుతారు. ఆ ధ్వనులన్నీ లోకస్ సోనస్ సౌండ్‌మ్యాప్ అనే ఆన్‌లైన్ ధ్వనుల పటానికి చేరతాయి. వాటిని మిక్స్ చేసి ఇంటర్నెట్‌లోనూ, న్యూయార్క్ రాష్ట్రంలోని డబ్ల్యూజీఎక్స్‌సీ లాంటి కమ్యూనిటీ ఎఫ్‌ఎంలలోనూ వినిపిస్తారు.

నాకు పక్షుల కూతలకంటే మధ్యలో దూరే చప్పుళ్లే ఎక్కువ నచ్చాయి. దూరంగా లారీ, ఎవరిదో దగ్గు, గాలికి మైకు గరగరలాడటం. స్టూడియోలో అయితే ఇవన్నీ తీసేస్తారు. ఇక్కడ మాత్రం ఆ ఊరు నిజంగా ఇప్పుడే నిద్ర లేస్తోందని నమ్మించేవి అవే. నేను విన్నంతసేపు యాంకర్ మాటలు లేవు, ఆ లోటూ తెలియలేదు.

జహీరాబాద్ దగ్గర మాచునూరులో దళిత మహిళలు 2008 నుంచి నడుపుతున్న సంఘం రేడియో గుర్తొచ్చింది. అలాంటి మన ఊళ్ల తెల్లవారుజాము కూడా ఇందులో వినిపించాలని గట్టిగా కోరుకుంటున్నాను. కావాల్సింది కరెంటు, నెట్, ఒక మైకు. వచ్చే మేలోపు ఎవరైనా కలిసొస్తే చేద్దాం, మెసేజ్ పెట్టండి.