ఎల్ఈడీ గ్రో లైట్: సామాను చేరింది, బిగింపు మిగిలింది

ఇంట్లో ఎండ బదులు మొక్కలకి వెలుగిచ్చే దీపమే గ్రో లైట్. అది పెట్టాల్సిన చోటు 60 × 30 సెంటీమీటర్ల రాక్ అర ఒకటి. పెంచేది పుదీనా, మెంతికూర, పాలకూర, కొత్తిమీర. కొలత తేలాకే సామాను చిట్టీ రాసుకోవాలి. చాలామంది ముందు ఎల్ఈడీలు కొనేసి, వాటికి సరిపడే డ్రైవర్ (మెయిన్స్ కరెంటుని ఎల్ఈడీలకి తగినట్టు మార్చి ఇచ్చే పెట్టె) కోసం తర్వాత వెతుకుతారు. డబ్బు వృథా అయ్యేది అక్కడే. చోటు ఎంత, దానికి ఎంత వెలుగు కావాలి, ఆ వెలుగుకి ఎన్ని వాట్లు, ఆ వాట్లకి ఏ స్ట్రిప్పులు (ఎల్ఈడీలు అమర్చిన పట్టీలు), వాటికి ఏ డ్రైవర్. ఈ వరుసలోనే వెళ్లాలి.

లెక్క ఇలా తేలింది. అర వైశాల్యం 0.18 చదరపు మీటరు. మంచి తెల్ల ఎల్ఈడీ వాటుకి సెకనుకి సుమారు 2.3 మైక్రోమోల్ (మొక్కలు వాడుకునే వెలుగుకి కొలత) వెలుగిస్తుంది. ఎల్ఈడీలకి 27.5 వాట్లు ఇస్తే 63 మైక్రోమోల్. పక్కలకి చెదిరిపోయేది పాతిక శాతం తీసేస్తే ఆకుల మీద పడేది 47. దాన్ని 0.18తో భాగిస్తే చదరపు మీటరుకి సెకనుకి 260 మైక్రోమోల్ చిల్లర. రోజుకి 14 గంటలు వెలిగితే 13 మోల్ అవుతుంది, ఆకుకూరలకి ఇది చాలు. పగటి నిడివి ఇంకా పెంచితే కొత్తిమీర ఆకు మానేసి పూతకొస్తుంది కాబట్టి 14 దాటనక్కర్లేదు.

స్ట్రిప్పులు

అల్యూమినియం పీసీబీ (సర్క్యూట్ పలక) మీద 3030 సైజు, అంటే 3 × 3 మిల్లీమీటర్ల తెల్ల ఎల్ఈడీలున్నవి, వెలుగు రంగు 4000 కెల్విన్, రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే సీఆర్ఐ 80. పొడవు 56 సెంటీమీటర్లు, మొత్తం నాలుగు. ఒక్కోదాంట్లో ఏడేసి ఎల్ఈడీలు సిరీస్‌లో ఉంటాయి, అలాంటి వరుసలు ఎనిమిది పారలల్‌లో. కాబట్టి స్ట్రిప్ వోల్టేజి 20 దరిదాపుల్లో ఉంటుంది. 350 మిల్లీఆంప్ ఇస్తే ఒక్కో ఎల్ఈడీకి అందేది 44 మిల్లీఆంపే. ఇంత తక్కువలో నడిపితే వేడి తక్కువ, వాటుకి వచ్చే వెలుగు ఎక్కువ. రెండు స్ట్రిప్పులతో సరిపెట్టి 700 ఎక్కిస్తే ఖర్చు తగ్గుతుంది గానీ, అర అంచుల్లో చీకటి మిగులుతుంది.

ఎరుపు, నీలం కలిపిన ఊదా లైటు జోలికి పోలేదు. మొక్కలు దాని కింద కూడా పెరుగుతాయి. కానీ ఆ రంగులో ఆకు పసుపెక్కిందో, పేనుబంక పట్టిందో కంటికి ఆనదు. తెల్ల వెలుగులో చూడగానే తెలిసిపోతుంది.

రోల్ రూపంలో దొరికే 12 వోల్టుల డెకరేషన్ స్ట్రిప్ దీనికి పనికిరాదు. అందులోని రెసిస్టర్లే కరెంటులో కొంత భాగాన్ని వేడిగా మార్చేస్తాయి. పైగా వేడి లాగే అల్యూమినియం వెనకాల ఉండదు.

డ్రైవర్

మీన్‌వెల్ ఎల్‌సీఎం-40. స్థిర కరెంటు ఇచ్చే రకం. పక్కనున్న చిన్న డిప్ స్విచ్‌లతో 350 నుంచి 1050 మిల్లీఆంప్ దాకా ఆరు మెట్లలో ఎంచుకోవచ్చు. స్విచ్ మార్చేటప్పుడు ప్లగ్ తీసేయాలి. 700 దగ్గర ఇది 57 వోల్టుల దాకానే ఇస్తుంది.

నాలుగు స్ట్రిప్పులూ సిరీస్‌లో పెడితే 80 వోల్టుల డీసీ. 350 మెట్టు దాన్ని మోస్తుంది గానీ, తడి చేతులతో మొక్కలు సర్దే చోట 60 వోల్టులు దాటడం మంచిది కాదు. అందుకే రెండేసి సిరీస్‌లో, ఆ రెండు జతలు పారలల్‌లో. మొత్తం 700 మిల్లీఆంప్, 40 వోల్టుల లోపు.

పారలల్ అన్నాక ఒక చిక్కుంది. రెండు జతల వోల్టేజి సమానంగా లేకపోతే, తక్కువ ఉన్న జత ఎక్కువ కరెంటు లాగేస్తుంది. అందుకని డ్రైవర్‌ని 350 మీద పెట్టి, ఒక్కో స్ట్రిప్‌నీ విడిగా వెలిగించి, రెండు నిమిషాలు ఆగి మల్టీమీటర్‌తో కొలిచాం. వచ్చినవి 19.4, 19.6, 19.7, 19.9. పెద్దదాన్ని చిన్నదానితో కలిపితే 39.3, మధ్యవి రెండూ కలిపినా 39.3. ఏది ఏ జతో స్ట్రిప్ వెనక మార్కర్‌తో రాసిపెట్టాం. ఒకే ప్యాకెట్‌లోంచి తీసుకున్నా ఇంత తేడా ఉంటుంది, కాబట్టి కొలవకుండా కలపొద్దు.

ఇంకోటి కూడా చూసుకోవాలి. ఒక జతలో వైరు ఊడితే మొత్తం 700 రెండో జతకే పోతుంది. స్ట్రిప్ గరిష్ఠ కరెంటు 700 కంటే ఎక్కువ ఉంటేనే ఈ పద్ధతి క్షేమం.

హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో ప్యానెల్ లైట్లకి వాడే చౌక డ్రైవర్లు దండిగా దొరుకుతాయి. వాటిలో కొన్ని ఐసొలేషన్ లేనివి, అంటే అవుట్‌పుట్ వైరు ముట్టుకున్నా మెయిన్స్ ముట్టుకున్నట్టే. ప్లగ్ తీసి, మల్టీమీటర్‌ని డయోడ్ మోడ్‌లో పెట్టి, ఇన్‌పుట్ వైరుకీ అవుట్‌పుట్ వైరుకీ మధ్య రెండు దిక్కులా పరీక్షించండి. ఏ దిక్కున రీడింగ్ వచ్చినా దాన్ని మొక్కల దగ్గర పెట్టకండి.

మిగతా సామాను

స్ట్రిప్పులు బిగించడానికి అల్యూమినియం రేకు 60 × 30 సెంటీమీటర్లు, మందం 1.5 మిల్లీమీటర్లు. బరువు ముప్పావు కిలో లోపే. రాణీగంజ్ వైపు కొలత చెబితే కోసి ఇస్తారు. అంచులు ఆకురాయితో రాయించుకోండి, లేకపోతే వైరు తోలు చీరుకుపోతుంది. ఎం3 (3 మిల్లీమీటర్ల) మరలు 16, వాటికి నైలాన్ వాషర్లు. వాషర్ మరిచిపోతే మర తల రాగి గీతకి తగిలి స్ట్రిప్ రేకుతో షార్ట్ అవుతుంది. స్ట్రిప్ వేడిని రేకుకి అందించే థర్మల్ పేస్ట్ పలచగా చాలు. డబుల్ టేపు మీద మాత్రం నమ్మకం పెట్టుకోవద్దు, మే నెల ఎండలకి జిగురు జారి స్ట్రిప్ కిందికి వేలాడుతుంది.

వైరు 0.5 చదరపు మిల్లీమీటర్లది, ఎరుపు ఒక మీటరు, నలుపు ఒక మీటరు. టంకం 63/37 (తగరం, సీసం పాళ్లు), 0.8 మిల్లీమీటర్ల తీగ. ఇక్కడ తప్పు జరిగే చోటు ఒకటుంది. అల్యూమినియం పీసీబీ వేడిని లాగేస్తుంది కాబట్టి 25 వాట్ల ఐరన్‌తో టంకం కరిగినట్టే కనిపించి, ప్యాడ్‌కి అంటకుండా బంతిలా పైన కూర్చుంటుంది. అది తర్వాత చిన్న కుదుపుకే ఊడుతుంది. 60 వాట్లది వాడండి, టంకం పని రేకుకి బిగించక ముందే ముగించండి. సరిగ్గా పడిన టంకం ప్యాడ్ అంచుల దాకా పలచగా పరుచుకుని మెరుస్తుంది.

మెయిన్స్ వైపు మూడు పిన్నుల ప్లగ్ ఉన్న త్రీ కోర్ వైరు. ఆకుపచ్చ వైరు రింగ్ టెర్మినల్‌తో రేకుకి. ఎర్తింగ్ లేకుండా తడి దగ్గర లోహపు రేకు వేలాడదీయకూడదు. టైమర్ డిజిటల్‌ది, లోపల బ్యాటరీ ఉన్నది. పిన్నులు నొక్కే మెకానికల్ టైమర్ కరెంటు పోయినంతసేపూ ఆగిపోతుంది, వారం తిరిగేసరికి లైటు అర్ధరాత్రి వెలుగుతూ ఉంటుంది.

గోడ దగ్గర లాగేది 31 వాట్ల దాకా ఉండొచ్చు. 14 గంటల చొప్పున నెలకి 13 యూనిట్లు.

రేకు మీద గీతలు గీయడం అయింది. స్ట్రిప్ మధ్య గీతలు ఒక అంచు నుంచి 3, 11, 19, 27 సెంటీమీటర్ల దగ్గర. రంధ్రాలు 3.2 మిల్లీమీటర్ల బిట్‌తో వేయాలి. తర్వాత రెండు గంటలు వెలిగించి రేకు వెనక అరచేయి ఆనించి చూడాలి. ఐదు సెకన్లు పెట్టలేకపోతే కరెంటు 600 మెట్టుకి దించడమే. వేలాడదీయాల్సిన ఎత్తు ఆకుల పైన 25 సెంటీమీటర్లు. ఆ ఎత్తులో అర మొత్తం తొమ్మిది చోట్ల లక్స్ మీటర్ (కంటికి కనిపించే వెలుగుని కొలిచేది) పెట్టి చూడాలి. ఈ తెల్ల వెలుగుకి లక్స్‌ని 70తో భాగిస్తే మైక్రోమోల్ అంచనా వస్తుంది కాబట్టి, సగటు 18,000 లక్స్ దగ్గర ఉండాలి.