పుట్టగొడుగులకు వరిగడ్డి సిద్ధం చేసుకున్న తీరు

ముత్యపు చిప్ప పుట్టగొడుగులు వేస్తున్నానంటే అందరూ విత్తనం (గింజల మీద పెంచిన పుట్టగొడుగు బూజు) ఎక్కడ తెచ్చావు, ఎవరికి అమ్ముతావు అని అడిగారు. అవి పెరిగేది వరిగడ్డి మీదే అయినా గడ్డి సంగతి ఎవరూ అడగలేదు. పంట నిలిచేదీ పోయేదీ చాలావరకు గడ్డి దగ్గరే తేలిపోతుందని నా గట్టి నమ్మకం.

మాది రేణిగుంట పక్క. గడ్డికి ఏర్పేడు, శ్రీకాళహస్తి వైపు వెళ్లాను. ఇక్కడ పాడి ఎక్కువ కాబట్టి మంచి గడ్డి ముందు ఆవులకే పోతుంది. నవంబరు, డిసెంబరు వానలకు తడిసి ఆరిన గడ్డి పైకి బాగానే కనిపిస్తుంది. అందుకే మోపు విప్పి, మధ్యలో చెయ్యి పెట్టి చూశాను. నల్లటి మచ్చలు, ముక్కిపోయిన వాసన.

"ఆవులు తింటాయి సామీ, పుట్టగొడుక్కేం?" అన్నాడు గడ్డి అమ్మే పెద్దాయన.

"ఆవు సంగతి వేరు పెద్దాయనా. దీంట్లో బూజుంటే నా విత్తనం కంటే ముందు అదే లేస్తుంది" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, ఇంకో వామిలోంచి ఆ ఏడాది గడ్డి లాగి ఇచ్చాడు. పసుపు రంగు, విరిస్తే టక్కున విరిగింది. పాత గడ్డి చవగ్గా వస్తుందని ఎవరు చెప్పినా నేను తీసుకోను.

ముక్కలు 3 నుంచి 5 సెంటీమీటర్లు. చాఫ్ కట్టర్ (గడ్డి కోసే యంత్రం) ఉంటే ఇది పెద్ద పని కాదు. కోసిన గడ్డిని గోనెసంచుల్లో నింపి రాత్రంతా నీళ్లలో నానబెట్టాను. గడ్డి మీద మైనంలాంటి పొర ఉంటుంది, నీళ్లు తొందరగా పట్టవు. పైగా తేలుతుంది, బండరాయి పెట్టాల్సిందే.

గడ్డిని శుద్ధి చేయడానికి మందు పద్ధతి ఒకటుంది: 100 లీటర్ల నీళ్లకు 7.5 గ్రాముల కార్బెండజిమ్ (బూజును చంపే మందు), 125 మిల్లీలీటర్ల ఫార్మలిన్ కలిపి, గడ్డిని 16 నుంచి 18 గంటలు మూతపెట్టి ఉంచడం. కట్టెల ఖర్చు ఉండదు. కానీ ఫార్మలిన్ ఘాటుకు కళ్లు మండుతాయి, ఇంట్లో పిల్లలున్నారు. నేను వేడినీళ్లనే ఎంచుకున్నాను.

డ్రమ్ములో నీళ్లు కాచి, సంచులు ముంచి, 70 నుంచి 80 డిగ్రీల మధ్య గంటసేపు ఉంచాను. థర్మామీటర్ కొనండి, చేత్తో అంచనా వేయొద్దు. కుతకుతా ఉడికిస్తే ఇంకా శుభ్రం కదా అని మా అత్త అడిగింది. కాదు. ఈ వేడికి పురుగులు, బూజులు చాలావరకు పోతాయి, వేడిని తట్టుకునే మేలు చేసే సూక్ష్మజీవులు కొన్ని మిగులుతాయి. అవి ఉంటేనే మిగతా బూజులకు అడ్డు. అన్నీ చచ్చిపోతే, కాపలా లేని జాగా కబ్జా అయినట్టు, గాలికొచ్చిన ప్రతి బూజూ అందులో పాగా వేస్తుంది. గంట అయ్యేసరికి నీళ్లు టీ డికాషన్ రంగుకు వచ్చాయి.

అసలు ఓపిక కావాల్సింది ఇక్కడి నుంచే. బ్లీచింగ్ నీళ్లతో కడిగిన వాలు గచ్చు మీద, నీడలో గడ్డి పరిచాను. తిరుపతి ఎండ సంగతి తెలిసిందే, నీడలో కూడా పైపొర గలగలా ఆరిపోతుంది, అడుగున మాత్రం నీళ్లు అలాగే ఉంటాయి. కడిగిన చేతులతో తిరగేస్తూనే ఉండాలి. పిడికెడు గడ్డి తీసి గట్టిగా పిండి చూశాను: వేళ్ల సందుల్లోంచి నీళ్లు ధారగా కారాయి. ఇంకాసేపు ఆరనిచ్చి పిండితే చుక్కలు. మళ్లీ ఆగి పిండితే చుక్క రాలలేదు, అరచెయ్యి మాత్రం తడిగా మెరిసింది. అదీ కావాల్సిన పదును, సుమారు 65 శాతం తేమ. కిలో ఎండుగడ్డి అప్పటికి రెండున్నర నుంచి మూడు కిలోల దాకా తూగుతుంది. నీళ్లు ఎక్కువైతే సంచి అడుగున గాలాడక గడ్డి కుళ్లుతుంది, తక్కువైతే విత్తనం నుంచి వచ్చే పుట్టగొడుగు బూజుపోగు పాకదు.

గడ్డి పూర్తిగా చల్లారిందాకా విత్తనం ముట్టుకోలేదు. వేడికి విత్తనం చచ్చిపోతుంది. మూడు కిలోల తడిగడ్డికి 100 గ్రాముల చొప్పున పొరలు పొరలుగా చల్లి, ప్లాస్టిక్ సంచులు కట్టి, చిల్లులు పెట్టి చీకటి గదిలో ఉంచాను. రెండు మూడు వారాల్లో ఆ బూజుపోగు తెల్లగా అల్లుకుంటుంది. ఆకుపచ్చ మచ్చ (వేరే బూజు పట్టిందన్న గుర్తు) కనిపించిన సంచిని మాత్రం గదిలో విప్పకూడదు. దాన్ని అలాగే బయటికి, దూరంగా తీసుకెళ్లి గొయ్యిలో పూడ్చాలి.